బాతు కాదు, గూడబాతు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, ఫ్యాను కింద చోటుంది. ఒక ఆటను వెతికిన సంగతి చెబుతాను. ఈమధ్య ఏలూరులో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. కాళ్లు కడుక్కుని కూర్చున్నానో లేదో, ఫోను చేత్తో పట్టుకుని వచ్చి, "అమ్మా, చిన్నప్పుడు మీ బళ్లో నేనాడిన కంప్యూటర్ ఆట పేరేంటమ్మా?" అంది. ఊరికే అడగలేదు. రెండో తరగతి చదువుతున్న మా మనవరాలికి తీసివేతలంటే హడలు. లెక్కల పరీక్ష ఉందంటే చాలు, పొద్దున్నే కడుపునొప్పి వచ్చేస్తుంది. చిన్నప్పుడు తన భయాన్ని పోగొట్టిన ఆటే దొరికితే పిల్లకూ పోతుందని మా అమ్మాయి ఆశ.

పేరు నాకెలా తెలుస్తుంది? నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, ఆ పేరేమో ఇంగ్లీషులో ఉండేది. పేరు తప్ప ఇంకేమడిగినా చెబుతాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో తాడేపల్లిగూడెంలో ఒక మిషను బడిలో ఆయాగా చేసేదాన్ని. ఆ బడికి నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. వాటికి పువ్వుల గుడ్డలు కుట్టించి కప్పారు. చెప్పులు గది బయటే విప్పాలి. మా చర్చిలో కూడా పిల్లలు అంత నోరు మూసుకుని కూర్చునేవారు కాదు. సాయంత్రం బడి వదిలాక, నేను ఊడవడం అయ్యేదాకా మా అమ్మాయిని ఒకదాని ముందు కూర్చోనిచ్చేవారు కంప్యూటర్ మాస్టారు. "ఏవండీ ఆయమ్మగారూ, దుమ్ము లేపకండి, వీటికి జలుబు చేస్తుంది" అనేవారు. నిజమే కాబోలనుకుని ఒకరోజు దుమ్ము అణగడానికి నీళ్లు చిలకరించబోతే, ఆయన లబోదిబోమంటూ నా చేతిలో చెంబు లాక్కున్నారు.

ఆ ఆటలో నీలం టోపీ పెట్టుకున్న పక్షి ఒకటి చెక్క వంతెన మీద నిలబడేది. ముక్కు కింద సంచి నిండా చేపలు. అందులోంచి కొన్ని టపటపా జారి నీళ్లలో పడేవి. ఎన్ని మిగిలాయో లెక్క చూసి ఆ అంకె నొక్కాలి. తప్పయితే తల విదిలించి నీళ్లు చిమ్మేది. ఒప్పయితే ఉన్నవన్నీ గుళుక్కున మింగి, కళ్లు మూసుకునేది. ఆ గుళుక్కు కోసం నేను చీపురు పట్టుకుని వెనకాలే నిలబడిపోయేదాన్ని.

"పేరు తెలియదు గానీ, గూడబాతు ఆట కదూ" అన్నాను. మా అమ్మాయి గబగబా ఇంగ్లీషులో రాసి, ఇంటర్నెట్లో పాత ఆటలు గుర్తుపట్టేవాళ్లుంటారట, వాళ్లకు పంపింది. ఎక్కడెక్కడివాళ్లో జవాబులిచ్చారు. మూడో రోజు నేను పప్పు తాలింపు వేస్తుంటే ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"నీ జ్ఞాపకానికో దణ్ణం తల్లీ! ఎన్ని బాతులు పంపారో చూడు. ఒక్కదానికీ నీలం టోపీ లేదు."

కళ్లజోడు పెట్టుకుని చూశాను. "టోపీ సంగతి తర్వాత. ఇవి బాతులే!"

"బాతని చెప్పింది నువ్వేగా?"

"నేనన్నది గూడబాతే."

"అదీ బాతేగా?"

నాకు నవ్వాగలేదు. నేను మండవల్లి అవతల కొల్లేటి ఒడ్డున పుట్టినదాన్ని. గూడంటే మా వైపు చేలోకి నీళ్లు తోడే బుట్ట. ఈ పక్షికి ముక్కు కింద సంచి అచ్చం అలాగే వేలాడుతుంది, నీళ్లతో సహా చేపల్ని తోడేస్తుంది. దాని పేరులో బాతుంది గానీ, అది బాతు కాదు. తాడేపల్లిగూడెంలో పెరిగిన మా అమ్మాయి గూడను ఎప్పుడు చూసింది గనక! ఇదంతా దానికి చెబుతుంటే, గుమ్మంలో నిలబడి వింటున్న మనవరాలు, "అమ్మమ్మా, సంచి ముక్కుదైతే పెలికాన్! మా పుస్తకంలో ఉంది" అంది.

మా అమ్మాయి ఆ మాట మార్చి రాసింది. సాయంత్రం కాఫీలు తాగుతుండగా ఎవరో బొమ్మ పంపారు. నీలం టోపీ, చెక్క వంతెన. "ఇదే!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. కింద రాసి ఉన్న పేరు మా అమ్మాయి రెండుసార్లు చదివి వినిపించింది. నాకు నోరు తిరగలేదు. తీరా చూస్తే, అంత పాత ఆట ఇప్పటి కంప్యూటర్లలో తెరుచుకోదట. మనవరాలి మొహం చిన్నబోయింది.

నేను లేచి వంటింట్లో చింతపిక్కలు పదమూడు ఏరుకొచ్చాను. వాటిని పైట కొంగులో పోసి, కొంగు రెండు మూలలూ గడ్డం కింద పట్టుకుని, చాప మీద నిలబడ్డాను. ఆరు పిక్కలు జారవిడిచాను. "ఎన్ని మిగిలాయే?"

"ఎనిమిది?" అంది భయపడుతూ. నేను తల విదిలించాను. అది కిలకిలా నవ్వి, కింద పడినవి లెక్కపెట్టి, వేళ్లు ముడిచి చూసుకుని, "ఏడు!" అంది.

గుళుక్!

మా అమ్మాయి నోరు తెరిచి చూస్తోంది. "అమ్మా, నీకు తీసివేతలు ఎప్పుడొచ్చాయి?"

"నీ వెనకాల నిలబడే. ఆ కంప్యూటర్ గది అంత శుభ్రంగా ఎందుకుండేదనుకున్నావు? ఊడ్చిందే ఊడ్చేదాన్ని."

ఆ వారమంతా పిల్ల బళ్లోంచి వస్తూనే నా కొంగు పట్టుకుంది. పరీక్ష రోజు పొద్దున కడుపునొప్పి అనలేదు. రెండు ఇడ్లీలు తిని, మూడోది అడిగి మరీ బడికెళ్లింది. ఆ బడి గది, ఆ పువ్వుల గుడ్డలు, మా అమ్మాయి రెండు జడలు, అన్నీ ఎప్పుడు జారిపోయాయో నేను చూడనే లేదు. ఇన్నేళ్ల తర్వాత కొంగు విప్పి చూస్తే అడుగున ఒక్క గుళుక్కు మిగిలి ఉంది, అదే మాకు సరిపోయింది. మీ ఇంట్లో కూడా అడిగే పసివాళ్లూ, గుర్తుపెట్టుకుని చెప్పే పెద్దవాళ్లూ ఒకే చాప మీద చల్లగా కూర్చోవాలి. మీ వాకిట్లో నవ్వులకు తీసివేతే ఉండకూడదు.