ముందు నీళ్లు, తర్వాత నూనె

ఆ ఉదయం న్యూజిలాండ్‌లో, వెల్లింగ్టన్ వెళ్లే రైల్లో మా ఆరేళ్ల పాపకి తల దువ్వుతున్నాను. వాళ్ల నాన్నది పసిఫిక్ దీవుల్లోని సమోవా. పాపకి అచ్చం ఆయన జుట్టే వచ్చింది, ఉంగరాలు తిరిగి, ఎండుగడ్డిలా పొడిగా. మా అమ్మ నాకు చేసినట్టే పొడి తలకి కొబ్బరినూనె దట్టించి, సన్నపళ్ల దువ్వెనతో కుదుళ్ల నుంచి లాగుతున్నాను.

"మొత్తం కట్ చేసెయ్ మమ్మీ," అని పాప ఏడ్చింది.

ఎదురు సీట్లోంచి ఒక పెద్దావిడ లేచి వచ్చింది. ఆవిడదీ అలాంటి జుట్టే, నెరిసిపోయింది. నన్ను కాదు, పాపని అడిగింది, "నీ జుట్టు ముట్టుకోవచ్చా?" అని.

పాప తలూపింది. ఆవిడ తన సీసాలో నీళ్లు అరచేతిలో పోసుకుని జుట్టంతా తడిపింది. చివర్ల నుంచి మొదలుపెట్టి, వేళ్లతోనే చిక్కులు తీస్తూ పైకి వచ్చింది. ఒక్కో ఉంగరం స్ప్రింగులా చుట్టుకుంటుంటే నేను నోరు తెరుచుకుని చూశాను.

"ముందు నీళ్లు. ఆ తడి మీద నూనె," అంది నాతో.

ఆ పద్ధతి వారంలో పట్టుబడింది. దువ్వెన తీసినప్పుడల్లా గుర్తొచ్చేది మాత్రం ఆవిడ పాపని అడిగిన మాట. ఆరేళ్లలో ఆ తల మీద చెయ్యి వేసే ముందు నేనొక్కసారి కూడా అడగలేదు.