మిల్లువారి బంతి

మొన్న చోడవరంలో సెలూన్‌కి వెళ్ళి కూర్చుంటే, ఎదుటి గోడమీద టీవీలో ఫుట్‌బాల్ ఆట ఆపి, కోటు వేసుకున్న ఒకాయన తెరమీద బాణాలు గీస్తూ, సెంటర్ ఫార్వర్డ్ కావాలని వెనక్కి తగ్గితే అతన్ని కాసేవాడు వెంటపడి వస్తాడనీ, ఆ ఖాళీలోకి పక్కవాడు దూరాలనీ, ఏదో కొత్తగా కనిపెట్టినట్టు చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఎత్తు యాభైలలోనే మా హైస్కూలు వరండాలో చింతపిక్కలు పరిచి నేను వేసినదే. దాన్ని పాడుచేసి మా బావ నోట్లో మట్టి కొట్టినదీ నేనే.

మన రోజుల్లో జట్టంటే మీకు గుర్తుండే ఉంటుంది, వెనక ఇద్దరు, మధ్య ముగ్గురు, ముందు వరసలో అయిదుగురు, అందరివీ ఉత్త కాళ్ళే. ఆ ముందు వరసలో నేను ఎడమవైపు లోపల ఆడేవాణ్ణి, నాకవతల గీత వెంబడి పరిగెత్తేవాడు మా మేనమామ కొడుకు, ఈ బావే. నడుమ సెంటర్ ఫార్వర్డ్ మాత్రం రైసుమిల్లు యజమాని కొడుకు, ఎందుకంటే బంతి మిల్లువారిది. బంతి ఎవరింటిదో గోలు కూడా వాళ్ళబ్బాయే కొట్టాలన్నది మా ఊళ్ళో మర్యాద, ఎవరూ చెప్పకుండానే అందరం పాటించేవాళ్ళం.

ఇంతలో అనకాపల్లి జట్టుతో ఆట కుదిరింది. విశాఖపట్నంనుంచి కాలేజీ ఆటల మాస్టారు చూడ్డానికి వస్తున్నారనీ, ఆయన కంట్లో పడ్డవాడికి సీటూ, హాస్టల్లో ఉచితంగా తిండీ దొరుకుతాయనీ తెలిసింది. బావను పై చదువుకు పంపే తాహతు మా మామయ్యకు లేదు, ఈ సీటు తప్పితే ఇక చెరుకుతోటా, బెల్లం పెనమూ. నా చింతపిక్కల ఆలోచనంతా అందుకే. మిల్లువారబ్బాయి వెనక్కి రావాలి, అతన్ని కాసే అనకాపల్లి సెంటర్ హాఫ్ వెంట రావాలి, ఆ ఖాళీలోకి బావ కోసుకుపోవాలి, నేను బంతి అందించాలి. మిల్లువారబ్బాయి మంచివాడే, విని సరేనన్నాడు.

మొదటి సగంలో అచ్చం పిక్కలు జరిపినట్టే జరిగింది. బావ గోలు కొట్టాడు, కాలేజీ మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకోవడం నేను కళ్ళారా చూశాను. విరామంలో మిల్లు యజమాని లేచి మా డ్రిల్లు మాస్టారి దగ్గరికొచ్చి, "మావోడేటి మాస్టారూ, ఎనక్కెనక్కి పోతన్నాడు? బంతి కొన్నది అందుకేటి?" అన్నాడు, నవ్వుతూనే. మాస్టారు నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, "ఎత్తులూ గిత్తులూ ఆపేసి బంతి ఆడికియ్యరా" అన్నారు.

ఆ తర్వాత బావ బంతి అందక గీత దగ్గర ఊరికే నిలబడ్డాడు. అనకాపల్లివాళ్ళు గోలు తిరగ్గొట్టారు. ఇక ఈల వేస్తారనగా బంతి నా కాలికి దొరికింది. మిల్లువారబ్బాయిని ఇద్దరు కాసుకుని ఉన్నారు, బావ ఒంటరిగా లోపలికి దూసుకొచ్చి చెయ్యెత్తాడు. నేను చూశాను. చూసి, ఒకసారి మిల్లు యజమాని కుర్చీవైపు కూడా చూసి, బంతి ఆ అబ్బాయికే ఇచ్చాను. వాళ్ళు లాక్కునిపోయి రెండో గోలు కొట్టారు. కాలేజీ మాస్టారు ఆ కొట్టిన కుర్రాడి పేరు రాసుకుని బస్సెక్కారు.

ఇంటికి నడుస్తూ బావ ఒక్కటే అడిగాడు, "ఒరే, నువ్వు నన్ను సూసేవు గదా?" అని. చూడలేదన్నాను. మళ్ళీ అడగలేదు. ఆ ఏడే బెల్లం పెనం దగ్గర చేరాడు, నేను మా నాన్న ఖర్చుతో కాలేజీలో చదివి, ఉద్యోగం చేసి, ఇప్పుడు పింఛను తింటున్నాను. ఎక్కడ కలిసినా బాగానే మాట్లాడేవాడు గాని, ఫుట్‌బాల్ ఊసెత్తితే మాత్రం లేచి వెళ్ళిపోయేవాడు.

ఇప్పటి పిల్లలకు బూట్లున్నాయి, బంతి ఎవరిదని అడిగేవాళ్ళు లేరు. ఆటను ఆపి, వెనక్కి తిప్పి, ఎవడు ఎవణ్ణి చూసి కూడా బంతి ఇవ్వలేదో బాణం గీసి మరీ చూపిస్తున్నారు. మన కాలంలో అది లేకపోబట్టి నా అబద్ధం ఇన్నేళ్ళు నిలిచింది. కిందటేడు బావ మంచాన ఉన్నప్పుడు వెళ్ళి పక్కన కూర్చుని, వానలూ చెరుకూ మాట్లాడి లేచి వచ్చేశాను. చూశాను బావా అని ఇప్పుడు చెబుదామంటే, అడిగినవాడు లేడు.