మూడు బస్సుల దూరం

మొన్న తిరుపతి బస్టాండు దగ్గర జిరాక్సు తీయించుకుంటుంటే, యంత్రంలోంచి వచ్చిన వెచ్చటి కాగితం వాసనకు సుగుణమ్మ గుర్తొచ్చారు. చిత్తూరు కోర్టు ఎదురుగా ఆమెకు టైపు, జిరాక్సు చేసే చిన్న గది ఉండేది. ఇరవై ఏళ్ల వయసులో నేను అక్కడ పనికి చేరాను. మొదటి రోజే నేను కొట్టిన అర్జీలో "కాళ్లు పట్టుకొని వేడుకుంటున్నాము" అన్న మాటను ఆమె పెన్నుతో కొట్టేశారు. "మనకు రావాల్సింది అడుగుతాండాం పాపా. కాళ్లెందుకు పట్టుకోవాల?" అన్నారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, నియోజకవర్గాల హద్దులు మార్చే ముసాయిదా పేపర్లో వచ్చింది. ఆమె పుట్టిన పల్లెను కొండకు అవతలి నియోజకవర్గంలో కలిపారు. అంతవరకు ఎమ్మెల్యే ఆఫీసుకు ఒక్క బస్సు చాలు. ఇకమీదట మూడు మారాలి. అభ్యంతరాలు రాసి పంపవచ్చని, తిరుపతిలో జరిగే బహిరంగ విచారణలో చెప్పుకోవచ్చని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. పల్లె మొత్తానికి అది చదివింది ఆమె ఒక్కరే. ఆదివారం నన్ను వెంటబెట్టుకొని వెళ్లి, ఇంటింటా తిరిగి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు.

సంగతి తెలిసి ఒక నాయకుడు గదికి వచ్చాడు.

"నీకెందుకక్కా ఈ గోల? మేం మాట్లాడతాం గదా."

"మీరు మీ సీటు గురించి మాట్లాడతారప్పా. మా బస్సు గురించి ఎవురు మాట్లాడతారు?"

అతను గోడల వంక చూశాడు. "ఈ రూము మా బావదని గుర్తుండాదా?"

"ఉండాది" అని ఆమె మళ్లీ టైపు కొట్టసాగారు.

విచారణ రోజు హాలు నిండా నాయకులు, వాళ్ల అనుచరులే. మధ్యాహ్నం దాటాక ఆమె పేరు పిలిచారు. నాలుగు మాటలైనా కాకముందే ఎవరో మైకు లాగేసుకున్నారు. వెనకనుంచి ఈలలు. సుగుణమ్మ వెనక్కి తగ్గలేదు.

"మైకు లేకపోయినా నాకు గొంతుండాది" అని అధికారుల బల్ల దగ్గరికి నడిచారు. "అయ్యా, మ్యాపులో మా ఊరు ఆ ఊరికి ఆనుకొనే కనిపిస్తాది. నడుమ కొండుండాది. చంకలో బిడ్డతో ఒక ఆడమనిషి ఆ ఆఫీసుకు పోవాలంటే పొద్దంతా పడతాది. అది మీ మ్యాపులో యాడుండాదో చూపించండి."

బల్ల మధ్యలో కూర్చున్న పెద్ద అధికారి ఆమె కాగితాలు తీసుకొని, నమోదు చేయమని పక్కవాళ్లకు చెప్పారు.

తుది జాబితాలో ఏమీ మారలేదు. నెల తిరగకముందే గది ఖాళీ చేయించారు. సామాను ఎత్తుతూ నేను ఏడ్చాను. "ఇంత చేసి ఏం సాధించినామమ్మా?" అన్నాను.

"ఎవురూ అడ్డం చెప్పలేదని ఇంక వాళ్లు అనలేరు. ఆ మిషను అట్ల పట్టుకో, జారతాది" అన్నారు.

టీకొట్టు వసారాలో ఒక బల్ల వేసుకొని మళ్లీ మొదలుపెట్టారు. ఎన్నికలయ్యాక పల్లెవాళ్లను వెంటబెట్టుకొని, ఆ మూడు బస్సులూ మారి, కొత్త ఎమ్మెల్యే ముందు కూర్చున్నారు. "హద్దు మార్చలేమన్నారు, సరే. బస్సన్నా నేరుగా వేయించండి" అన్నారు. ఒకసారి కాదు, ఐదుసార్లు వెళ్లారు. ఆరో నెలలో కొండ చుట్టూ తిరిగి నేరుగా ఆ ఆఫీసు ఊరికి పోయే బస్సు పడింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఈమధ్య మా వార్డు హద్దులు మారుస్తున్నారని సభ పెడితే వెళ్లి పేరు రాయించాను. చివరిదాకా పిలవలేదు. కుర్చీలు సర్దుతుంటే లేచి నిలబడ్డాను. మైకు అప్పటికే తీసేశారు. అయినా చెప్పాల్సింది పూర్తయ్యేదాకా కూర్చోలేదు.