ముందు చక్రాల లాకులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఆకలి ఎక్కువ మా నాయన లారీకే. మా ఐదుగురి తిండి ఒక ఎత్తు, అది తాగే డీజిల్ ఒక ఎత్తు. డెబ్బైల నాటి మాట. వికారాబాదులో ఉండేవాళ్లం. మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన ఆ లారీని మా నాయన వేలంలో కొనుక్కొచ్చి, దాంతో తాండూరు గనుల నుంచి నాపరాతి బండలు తోలేవాడు.

మామూలు లారీలను వెనక చక్రాలే తోస్తాయి. దీనికి మాత్రం ముందువీ వెనకవీ అన్నీ లాగేవి. అదీ ఎప్పుడూ లాగుతూనే ఉండేవి, తారు రోడ్డు మీదా అంతే, బురదలోనూ అంతే. అదే మా నాయనకు గొప్ప. చాయ్ హోటల్ ముందు నిలబడి, మీవన్నీ కుంటి బండ్లని తోటి డ్రైవర్లను ఎగతాళి చేసేవాడు. నాకు క్లాసులో ఫస్టు వచ్చినప్పుడు కూడా ఆయన నా గురించి అంత గొప్పగా చెప్పుకోలేదు. నిజం చెప్పొద్దూ, ఆ లారీని చూస్తే నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

కానీ రోడ్డు మీద అక్కర్లేకపోయినా ముందు చక్రాలు కూడా లాగుతుంటే డీజిల్ ఎట్లా సరిపోతుంది? ముందు టైర్లు చూస్తుండగానే అరిగిపోయేవి. ముందు ఇరుసు జాయింట్లు నెలకోసారి మూలిగేవి. ఆ ఏడు ఎండాకాలం చివరికొచ్చేసరికి నాయన చేతులెత్తేశాడు. లారీని తుక్కు కింద అమ్మేసి, మళ్లీ గనిలో దిగి బండలు కొడతానన్నాడు. ఆ మాట వినగానే మా అమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది. లారీ కొనకముందు నాయన పదేళ్లు గనిలో సుత్తె పట్టినవాడే. ఆ రాతిదుమ్ముకు వచ్చిన దగ్గు తగ్గడానికి రెండేళ్లు పట్టింది. మళ్లీ గనిలో దిగితే మనిషి దక్కడని అమ్మ భయం. ఆ రాత్రి నుంచి నాకూ అదే భయం పట్టుకుంది.

మా వీధి చివర షెడ్డులో ఒక ముసలి మిస్త్రీ ఉండేవాడు. నాయన ఆయన్ను చాచా అనేవాడు, నేను మిస్త్రీ తాత అనేదాన్ని. అమ్మ వెళ్లి ఆయనతో ఏం చెప్పుకుందో గానీ, మర్నాడు ఆయనే మా ఇంటికి వచ్చి లారీని షెడ్డుకు తెమ్మన్నాడు. ముందు చక్రాలను రోడ్డు మీద ఊరికే దొర్లనిస్తాననీ, బురద వచ్చినప్పుడు మాత్రం లాగేలా చేస్తాననీ ఆయన మాట. ఇంజను బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టెను విప్పి, అందులో అరిగిపోయిన పండ్ల చక్రాలను, అంటే గేర్లను, తీసేసి, డ్రైవర్ పక్కన ఒక లివర్ పెట్టాడు. పట్నం పోయి పాత సామాన్లలో వెతికి తెచ్చిన, చక్రాన్ని ఇరుసుతో కలిపే రెండు లాకులను ఒక్కో ముందు చక్రం నడుమ ఒకటి చొప్పున బిగించాడు. బురద వస్తే కిందికి దిగి, ఆ రెండు లాకులూ చేత్తో తిప్పి, ఆ తర్వాత పైకెక్కి లివర్ వెయ్యాలి. రెండూ చేస్తేనే ముందు చక్రాలు లాగుతాయి.

వారం రోజుల పని అది. వారమంతా మా నాయన మొహం మాడ్చుకునే తిరిగాడు, తన చెయ్యే తీసేస్తున్నట్టు. చివరికి, సరే, లాకులూ లివరూ ఎప్పటికీ వేసే ఉంచుతాలే అన్నాడు. అప్పుడు అన్నీ ఎప్పటిలాగే లాగుతాయి కదా అని ఆయన తెలివి.

మిస్త్రీ తాత కోప్పడలేదు. చేతులు తుడుచుకొని, పాత ట్యూబు రబ్బరు ముక్క తెచ్చి, నాయన కాలికీ నా కాలికీ కలిపి కట్టాడు. "ఇగ ఆ డ్రమ్ము సుట్టు తిరిగి రాండ్రి" అన్నాడు.

తిన్నగా నడిచినంతసేపూ బాగానే ఉంది. డ్రమ్ము దగ్గర మలుపు తిరగాల్సి వచ్చేసరికి, బయటి వైపు ఉన్న నేను ఎక్కువ దూరం నడవాలి, లోపలి వైపు ఉన్న నాయన తక్కువ. కాళ్లేమో కట్టేసి ఉన్నాయి. ఆయన నన్ను ఈడ్చాడు, నేను ఆయన్ను లాగాను, ఇద్దరం కలిసి నేల మీద పడ్డాం. షెడ్డులో ఉన్నవాళ్లంతా పడీ పడీ నవ్వారు. నా మోకాలు చెక్కుకుపోయింది, అయినా నాకూ నవ్వాగలేదు.

"సూస్తివా తమ్మీ," అన్నాడు మిస్త్రీ తాత, కట్టు విప్పుతూ. "మలుపు కాడ, ముందు చక్రాలు నీ బిడ్డ లెక్క ఎక్కువ తిరగాలె, ఎనకయి నీ లెక్క తక్కువ. మునుపు గా తేడాను లోపలి పండ్ల చక్రాలు సర్దుతుండె. ఇప్పుడవి లేవు. బురదలైతే చక్రం జారి సర్దుకుంటది. గట్టి రోడ్డు మీద గిట్ల కట్టేస్తే ఏదో ఒకటి ఇరుగుతది. జర అవసరం పడ్డప్పుడే కట్టు, అయిపోంగనె ఇడువు."

నాయన దుమ్ము దులుపుకొని తలూపాడు. ఆయన అంత తొందరగా ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆ ఆదివారం నన్ను కూడా లారీలో ఎక్కించుకొని తాండూరు తీసుకెళ్లాడు. దారి పొడుగునా స్టీరింగు వేలితో తిరుగుతోందని మురిసిపోయాడు. గని దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. ముందురోజు వానకు గనిలోకి దిగే దారిలో నల్లరేగడి మెత్తబడి ఉంది. తోటి డ్రైవర్లు అక్కడే ఉన్నారు. ఇన్నేళ్లు కుంటి బండ్లనిపించుకున్నవాళ్లు ఊరుకుంటారా? "ఏందే, మిస్త్రీ నీ బండి ముందు కాళ్లు ఇరగ్గొట్టిండంట గద!" అని ఒకాయన అరిచాడు. నాయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంకా పొడినేల మీదే ఉన్నాం, దిగి లాకులు తిప్పాల్సిన చోటది. అందరి ముందూ దిగడం నామోషీ అనుకున్నాడో ఏమో, దిగకుండానే లారీని గనిలోకి దించేశాడు.

బండలు నింపాక ఎక్కడం మొదలైంది. సగం ఎక్కేసరికి వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. నాయన లివర్ వేశాడు. ముందు చక్రాలు ఉలకలేదు, పలకలేదు. లారీ మెల్లగా వెనక్కి, నీళ్లు నిలిచిన గుంత వైపు జారసాగింది. కూలీలు పరుగెత్తుకొచ్చి చక్రాల కింద బండలు పెట్టి ఆపారు. పైనుంచి గని సేటు, బండలు దించెయ్యండి, వేరే లారీ పెడతాను, రేపటి నుంచి నువ్వు రావద్దు అని కేకేశాడు. ఈ గని పోతే లారీ తుక్కుకు, నాయన సుత్తెకు.

"నాయినా, లాకులు తిప్పనే లేదు గద" అన్నాను మెల్లగా.

"నాకు తెల్వదా!" అని కసిరాడు. అయినా స్టీరింగు వదల్లేదు. తెలిసీ కూర్చున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. చివరికి ఒక్కసారి నా మొహంలోకి చూసి, తలుపు తీసి దిగాడు. మోకాళ్ల దాకా బురద. అందులోనే మోకరించి, బురదలో కప్పుకుపోయిన లాకు కోసం చేత్తో తడుముతుంటే, పైన ఉన్నవాళ్లు ఈలలు వేశారు. ముందు దిగి ఉంటే పొడినేల మీద నిమిషం పని. ఒకవైపు తిప్పి, బండి చుట్టూ తిరిగొచ్చి రెండోవైపు మళ్లీ మోకరించాడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు, ఆయన మీద ప్రేమతో. నా నాయన అంత పెద్ద మనిషిగా నాకు ముందెప్పుడూ కనబడలేదు.

ఈసారి ముందు చక్రాలు బురదను పట్టుకున్నాయి. లారీ మూలుగుతూ, ఆగకుండా, ఒడ్డు దాకా ఎక్కింది. ఈలలు ఆగిపోయాయి. గట్టి నేల రాగానే నాయన బండి ఆపి, అందరూ చూస్తుండగానే మళ్లీ దిగి లాకులు వదులు చేశాడు. సేటు ఆ చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి చూసి, రేపు పొద్దున్నే రమ్మన్నాడు.

ఇంటికి వెళ్లే దారిలో షెడ్డు దగ్గర ఆగి, జరిగిందంతా మిస్త్రీ తాతకు నాయనే చెప్పాడు, సిగ్గుపడి దిగలేదని కూడా. ఆయన చాయ్ తెప్పించాడు, అంతే. నాయన మళ్లీ సుత్తె పట్టలేదు. ఆ లారీ మీదే మమ్మల్ని చదివించాడు, దగ్గు లేకుండా ముసలివాడయ్యాడు.

ఇప్పుడు నా వయసు అప్పటి మిస్త్రీ తాత వయసు దాటింది. చూపు మందగించింది. బజారుకు వెళితే మనవరాలు నా చెయ్యి వదలదు. చదునైన దారిలో నేనే విడిపించుకుంటాను, అది మూతి ముడుచుకుంటుంది. మెట్లు కనబడగానే మాత్రం, మొదటి మెట్టుకు ముందే, పొడినేల మీదే ఆగి, ఎవరు చూస్తున్నా సరే, నా చెయ్యి నేనే చాపుతాను.