ఆయ్ అనే కంప్యూటర్

మొన్న మా అన్నయ్య కొడుకు కాకినాడ నుంచి ఫోన్ చేసి, అరచేతిలో ఇమిడే కంప్యూటర్ ఒకటి వచ్చిందనీ, లైనక్స్ మీద నడుస్తుందనీ, చూడ్డానికి కళ్ళజోడు డబ్బాలా ఉన్నా ధర మాత్రం మంచి ల్యాప్‌టాప్‌కి ఏమీ తీసిపోదనీ చెప్పి, కొనమంటావా వద్దంటావా అత్తా అని అడిగాడు. ఎప్పుడో అమలాపురంలో కంప్యూటర్ పాఠాలు చెప్పిన పాపానికి, మా వాళ్ళు మిక్సీ కొన్నా మోడెం కొన్నా ముందు నన్ను అడుగుతారు. ఉద్యోగం ఎప్పుడో పోయింది గానీ ఈ పదవి మాత్రం ఊడలేదు. వాడు పంపిన ఫొటో చూస్తుంటే నాకు నవ్వాగలేదు. ఇంచుమించు అలాంటి వస్తువు గురించే, ఇదే ప్రశ్న, ఇరవై ఏళ్ళ పైమాటే, మా ఇంటి హాల్లో వారాల తరబడి నలిగింది.

ఆ రోజుల్లో కంప్యూటర్ సెంటరంటే ఎంత మడి పాటించేవాళ్ళమో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెప్పులు బయట విప్పాలి, కాళ్ళు తుడుచుకోవాలి, లోపల చల్లగా ఏసీ, అది కూడా మనుషుల మీద ప్రేమతో కాదు, మిషన్లు వేడెక్కుతాయన్న భయంతో. కరెంటు పోగానే యూపీఎస్‌లన్నీ ఒక్కసారి కీచుమనేవి, పిల్లలు చేస్తున్న పని సేవ్ చెయ్యడానికి కంగారు పడిపోయేవారు. ఒక పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలోంచి నేను లైనక్స్ ఎక్కించుకుని, ఎవరూ అడక్కపోయినా అందరికీ దాని గొప్ప చెప్పేదాన్ని. నాకు నచ్చిందల్లా ఒక్కటే, దాని పొట్ట విప్పి మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. మా విద్యార్థులు ఓపిగ్గా విని, "ఇది నేర్చుకుంటే గల్ఫులో ఉద్యోగం వస్తుందాండీ?" అని అడిగేవారు.

గల్ఫంటే గుర్తొచ్చింది, అసలు కథంతా అక్కడే ఉంది. మా పిన్ని, అంటే అమ్మకు స్వయానా చెల్లెలు, కువైట్‌లో ఒక ఇంట్లో వంటకి వెళ్ళింది. బాబాయిగారిది కాట్రేనికోన దగ్గర పల్లెటూరు. రేవులో మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ అవతలి ఒడ్డుకి చేర్చే పంటు మీద పని. పంటు కదిలే ముందు ఆయన వేసే కేక విని గట్టు మీద హోటల్లో కాఫీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు వదిలేసి పరిగెత్తేవారని చెప్పుకునేవారు. ఏటి మీద వంతెన పడ్డాక పంటు ఆగిపోయింది, ఆయన కేకతో ఎవరికీ పని లేకుండా పోయింది. ఇల్లు నడవాలి కనక పిన్ని విమానం ఎక్కింది.

అంత గొంతున్న మనిషి ఇంట్లో మాత్రం మహా మితభాషి. పిన్ని వాగ్ధాటికి ఆయన జవాబు ఎప్పుడూ ఆయ్ మాత్రమే. మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, ఈ ఆయ్ అనేది ఒట్టి అవును కాదు. వింటున్నానండీ అని, అలాగా అని, తర్వాతేమైందీ అని, మీరన్నాక కాదంటానా అని, పలికే తీరును బట్టి ఒక్కోసారి ఒక్కో అర్థం. ఎదుటివాడు మధ్య మధ్య ఆయ్ అనకపోతే మనకి మాట ముందుకి సాగదు. ఇదేం అలవాటని మా సెంటర్‌కి హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన విసుక్కునేవాడు, ఆర్నెల్లు తిరక్కుండా తనూ అనడం మొదలెట్టాడు.

పిన్ని కువైట్‌లో ఉండగానే బాబాయిగారికి గొంతులో గడ్డ లేచింది. కాకినాడలో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ గొంతుపెట్టె మొత్తం తీసేయాల్సొచ్చింది. ఆయన ఎంతో నిబ్బరంగా మెడకి తువ్వాలు చుట్టుకుని, పిల్లల పలకొకటి చంకలో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. ఎదురుగా ఉన్నవాళ్ళతో ఏ ఇబ్బందీ లేదు. తలాడిస్తారు, నవ్వుతారు, మరీ అవసరమైతే పలక మీద రాస్తారు. చిక్కంతా శుక్రవారం వచ్చేది. పిన్నికి ఆ రోజు సెలవు, మధ్యాహ్నం మా ఇంటికి ఫోన్ చేసేది. వాళ్ళ ఊళ్ళో ఫోను సరిగ్గా పలకదని బాబాయిగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కి అమలాపురం వచ్చేసి, ఫోన్ పక్కన కుర్చీలో పెళ్ళికొడుకులా కూర్చునేవారు. తలాడిస్తే ఫోన్లో కనపడదు కదా. పలక మీద రాస్తే వినపడదు.

మొదట్లో ఆ ఆయ్ నేనే అందించేదాన్ని. పిన్ని చెప్పేది ఆయన వినడం, తలాడించడం, నేను పక్కనుంచి "ఆయ్ అంటున్నారు పిన్నీ" అని అరవడం. కానీ మొగుడితో చెప్పుకునే మాటలన్నీ అక్క కూతురి ముందు చెప్పుకోగలరా ఎవరైనా? పిన్ని మాటలు ఉప్పూ పప్పూ దగ్గరే ఆగిపోయేవి. తర్వాత రిసీవర్ మీద గోటితో కొట్టి చూశారు, అలా కొడుతుంటే అప్పులవాడు తలుపు తట్టినట్టుందని పిన్ని ఏడ్చింది. కువైట్ వాళ్ళింట్లో పని చేస్తానని ఇచ్చిన మాట తాలూకు గడువు ఇంకా ఏడాది పైన ఉంది, మధ్యలో వదిలేసి రావడం కుదరదు. ఫోన్ చేయడం మాత్రం తగ్గించేసింది. గోడతో మాట్లాడ్డానికి ఫోన్ కార్డు తగలెయ్యడం ఎందుకే అని అమ్మతో అందట. ఆ మాట అమ్మ బాబాయిగారికి చెప్పలేదు, కానీ ఆయనకి తెలిసిపోయింది. మనిషి తిండి తగ్గించేశారు.

అప్పుడు మా మావయ్య, అంటే అమ్మకీ పిన్నికీ అన్నయ్య, రంగంలోకి దిగాడు. ఆయనకి ప్రతి సమస్యకీ చేతిలో పరిష్కారం ఉంటుంది. టేప్‌రికార్డర్ ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని, తన గొంతుతోనే, కాస్త ఆగి కాస్త ఆగి ఒక క్యాసెట్ నిండా ఆయ్‌లు నింపేశాడు. శుక్రవారం ఫోన్ రాగానే మీట నొక్కాడు. పిన్ని ఆశ్చర్యపోయింది, గొంతు మారింది గానీ పలుకుతోంది కదా, ఏదో వైద్యం కుదిరిందనుకుంది. ఆ సంతోషంలోనే ఏడుస్తూ, "నేను దగ్గర లేనని నామీద కోపం వచ్చిందాండీ?" అని అడిగింది. క్యాసెట్ "ఆయ్" అంది. "అయితే ఫోన్ మానెయ్యమంటారా?" అంది పిన్ని. క్యాసెట్‌కి ఏం తెలుసు, ఇంకాస్త వినయంగా "ఆయ్" అంది. నేను వెళ్ళి తీగ పీకేసరికే అటు లైను తెగిపోయింది. మావయ్య క్యాసెట్ బయటికి తీసి జేబులో దాచేసుకున్నాడు. ఆ పై రెండు శుక్రవారాలూ బాబాయిగారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, సాయంత్రం దాకా కూర్చుని, ఆఖరి బస్సుకి వెళ్ళిపోయారు. ఫోన్ రాలేదు. తర్వాత అమ్మ జరిగింది జరిగినట్టు ఉత్తరం రాస్తే గానీ పిన్ని మనసు కుదుటపడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా సెంటర్ యజమాని ఎక్కడినుంచో ఒక చేతి కంప్యూటర్ తెప్పించాడు, అమ్ముడుపోతే కమిషన్ వస్తుందని. నల్లటి డబ్బా, రంగుల్లేని తెర, గీకడానికి పుల్ల. లోపల లైనక్స్. తెలుగులో రాస్తే పైకి చదువుతుందన్నారు. ఆ మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది, ఇంటికి పట్టుకొచ్చేశాను. దాని ధర వినగానే మా అమ్మ కూర్చున్నచోటునుంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కలర్ టీవీ కొనుక్కోమని పిన్ని బాబాయిగారికి పంపిన సొమ్ము మొత్తం దానికే పోతుంది మరి. "ఆయ్ అనడానికి అంత ఖరీదేంటే? అదే డబ్బుకి టీవీ వస్తుంది, అందులో రోజంతా మాట్లాడేవాళ్ళే" అన్నాడు మావయ్య. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు.

పైగా ఆ మిషన్ నా పరువు తీసింది. బాబాయిగారు పుల్లతో అక్షరాలు వెతుక్కుని "భోంచేశావా" అని రాసేసరికి మా భోజనాలు అయిపోయాయి. అది చదివిన తీరు చూస్తే, రైలు స్టేషన్లో అనౌన్స్‌మెంట్‌కి జలుబు చేసినట్టుంది. ఇక ఆయ్ అని రాస్తే, తేలు కుట్టినవాడిలా ఒక్క కేక పెట్టింది. అందరం నవ్వాం, బాబాయిగారు కూడా నవ్వి, మిషన్ తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టి, పలక మీద "బావుంది. మనకొద్దమ్మా" అని రాశారు.

వద్దన్న వస్తువుని తిరిగిచ్చేయకుండా దాని పొట్ట విప్పడం మొదలెట్టాను. చదివే గొంతుని బాగుచెయ్యడం నావల్ల అయ్యే పని కాదు. కానీ తెర మీద ఒక బొమ్మ పెట్టి, దాన్ని తాకితే మనం ఎక్కించిన శబ్దం చటుక్కున పలికేలా చెయ్యొచ్చు, క్యాసెట్‌లా తన ఇష్టం వచ్చినప్పుడు కాదు, ఆయన పుల్ల ఆనించినప్పుడే. కావలసిందల్లా ఆయన గొంతు. అది లేకే కదా ఇదంతా.

ఉత్తరాలు రాయడం బద్ధకమైనవాళ్ళు కువైట్ వెళ్ళేవాళ్ళ చేత క్యాసెట్లు పంపుకునే రోజులవి. బాబాయిగారు మాట్లాడి పంపినవన్నీ అక్కడే ఉన్నాయి, పిన్ని వాటి మీద భక్తి పాటలు ఎక్కించేసుకుంది. ఇల్లంతా వెతగ్గా, పట్టుకెళ్ళాల్సిన మనిషి ప్రయాణం మానుకోవడంతో మిగిలిపోయిన క్యాసెట్ ఒకటి అమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది. అది మా అమ్మమ్మ మాట్లాడినది. ఒక వైపంతా ఆవిడే, గేదె ఈనిన సంగతి, పక్కింటివాళ్ళు గోడ జరిపిన సంగతి, ఊళ్ళో అందరి మోకాళ్ళ నెప్పుల సంగతి. నిరాశపడి ఆపెయ్యబోతుంటే వినపడింది. టేప్‌రికార్డర్ పట్టుకుని ఆవిడ పక్కనే కూర్చున్న అల్లుడుగారు, అత్తగారి మాట మాటకీ ఎంతో మర్యాదగా ఆయ్ అంటున్నారు. గేదెకి సంతోషపడుతూ ఒక ఆయ్, గోడకి ఆశ్చర్యపోతూ ఒక ఆయ్, మోకాళ్ళకి జాలిపడుతూ ఒకటి, నవ్వాపుకుంటూ ఒకటి. అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

ఆ క్యాసెట్ మా సెంటర్‌కి తీసుకెళ్ళి, టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కి తీగ కలిపి, అమ్మమ్మ మాటల మధ్యలోంచి బాబాయిగారి ఆయ్‌లు ఒక్కొక్కటీ, చేపలోంచి ముల్లు తీసినట్టు తీశాను. అన్నిట్లోకీ మంచి ఆయ్ వెనకాల ఒక కాకి అరిచింది. ఎంత ప్రయత్నించినా కాకిని విడదీయడం చేతకాలేదు, అలాగే ఉంచేశాను. మొదటిసారి బాబాయిగారి చేతికిచ్చి తాకమన్నప్పుడు, ఆయన తన గొంతు తను విని, మిషన్ వెనక్కి తిప్పి చూశారు, లోపల ఎవరో ఉన్నట్టు. తర్వాత పలక తీసుకుని "కొందాం" అని రాశారు. ఇంతకుముందు రాసినది కూడా తుడవలేదు, దాని పైనే రాసేశారు.

ఆ శుక్రవారం పిన్ని ఫోన్ చేసి, ఎప్పటిలా నీరసంగా, "వింటున్నారా?" అంది. బాబాయిగారు రిసీవర్ దగ్గర మిషన్ పెట్టి తాకారు. "ఆయ్" అంది, వెనకే కాకి కూడా. మావయ్య, అమ్మ, నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఆఖరికి పిన్ని, సగం ఏడుపూ సగం నవ్వుతో, "అదేంటండీ, మన పెరట్లో కాకి కూడా వింటోందా?" అంది. ఆయన మళ్ళీ తాకారు, మళ్ళీ ఆయ్, మళ్ళీ కాకి. అప్పుడు మా అమ్మ లేచి మా ఇద్దరినీ బయటికి తోలి హాలు తలుపు దగ్గరకి వేసేసింది. పెరట్లో నిలబడితే మాటలేవీ వినపడలేదు గానీ, ఆగి ఆగి ఆయ్‌లు మాత్రం వినపడ్డాయి, కార్డు అయిపోయేదాకా. టీవీ కొననందుకు మావయ్య కళ్ళు తుడుచుకుంటూనే నన్ను తిట్టాడు.

గడువు తీరాక పిన్ని వచ్చేసి ఇంక వెళ్ళలేదు. మనిషే ఎదురుగా ఉంటే మిషన్ ఎందుకనుకున్నాం గానీ, ఆవిడ వంటింట్లోంచి మాట్లాడుతూ ఉండేది, ఆయన వీధరుగు మీద కూర్చుని తాకుతూ ఉండేవారు. ఆ మిషన్ చేసినవాళ్ళు కొన్నాళ్ళకే తయారీ ఆపేశారు. బ్యాటరీ ఉబ్బితే మార్చేవాడు దొరకలేదు. ఈలోగా చవకరకం సెల్‌ఫోన్లు వచ్చాయి, ఆ ఆయ్‌లన్నీ అందులోకి ఎక్కించి ఇచ్చాను. బాబాయిగారు ఆ తర్వాత చాలా ఏళ్ళు హాయిగా బతికి, నిద్రలోనే వెళ్ళిపోయారు.

ఈ సంగతంతా చెప్పి, మిషన్ మంచిదో కాదో నాకు తెలీదురా, మేం మాత్రం కలర్ టీవీ ఖరీదు పెట్టి ఒక్క మాట కొనుక్కున్నాం, అంతకన్నా మంచి బేరం మళ్ళీ తగల్లేదు అన్నాను మా వాడితో. నేను చెప్పినంతసేపూ అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. వింటున్నావా అంటే, వింటున్నా అత్తా చెప్పు అన్నాడు. వాడి తప్పేం లేదు, ఇప్పుడు ఎదుటి మనిషి మొహం ఫోన్లోనే కనపడుతోంది, వింటున్నానని వేరే చెప్పే అవసరం ఎవరికీ లేదు. నాకే కాస్త వెలితి.

పిన్ని ఇప్పుడు మా వీధిలోనే ఉంటోంది, రోజూ పొద్దున్న ఫోన్ చేస్తుంది. నోరింకా అలాగే ఉంది. కాకపోతే మాట మాటకీ మధ్య ఓ చిన్న ఖాళీ వదులుతుంది, ఆయన పుల్ల తీసుకుని తాకడానికి పట్టేటంత. అది ఆవిడకి తెలియదు, నేనూ చెప్పలేదు. మొన్న ఆ ఖాళీలో ఉండబట్టలేక నేను "ఆయ్" అన్నాను. పిన్ని నవ్వి, "మరి కాకేదే?" అంది.