మా ఆయన పేరు మీద నేను రాసిన తప్పు

మొన్న ఆదివారం హానోవర్‌లో ట్రామ్ చిట్టచివరి స్టాపు దగ్గరున్న మా బేస్‌బాల్ మైదానంలో, సీజన్ మొదలుకాకముందు ఆడే స్నేహపు మ్యాచ్ జరుగుతుండగా, మాస్టర్స్ చదవడానికి ఈమధ్యే వచ్చిన ఖమ్మం పిల్ల ఒకతె బంతిని బ్రహ్మాండంగా కొట్టి, బ్యాటు చేత్తో పట్టుకునే పరుగెత్తి, మొదటి బేస్ అనే తెల్ల దిండు ముందు ఆగి, బ్యాటు కొన నేలకానించి ధీమాగా నిలబడింది. క్రికెట్‌లో అయితే అది చాలు. ఇక్కడ బ్యాటు కొట్టినచోటే పారేసి వచ్చి కాలితో బేస్‌ను తొక్కాలి. ఈలోగా బంతి రానే వచ్చింది, పిల్ల ఔటైంది.

గట్టు మీద బల్లపై కూర్చున్న మా ముసలి అభిమానుల గుంపంతా గొల్లుమంది. అప్పటిదాకా మేము ఈ ఏటి జట్టు గురించి తగువులాడుకుంటున్నాం. పోయిన శరదృతువులో మంచి ఆటగాళ్ళు ఐదుగురు ఒకరి తరవాత ఒకరు ఉద్యోగాలనీ పిల్లలనీ తప్పుకున్నారు, మిగిలినవాళ్ళకు కొత్తవాళ్ళను కలిపి జట్టును మళ్ళీ మొదటినుంచి కడుతున్నారు. రిటైరైన పోస్ట్‌మాన్ గారేమో చెర్రీపళ్ళు పండేలోగా ఈ జట్టు ఒక్క మ్యాచ్ గెలిస్తే తన టోపీ తీసి ఇచ్చేస్తానంటున్నాడు, మా ఆయనేమో నలభై ఏళ్ళుగా ప్రతి మార్చి నెలలోనూ అనే మాటే అంటున్నారు, ఈ ఏడు మనదేనని. ఆ పిల్ల బ్యాటు ఆనించి నిలబడటం చూసి అందరికంటే ఎక్కువ నవ్విందీ మా ఆయనే, ఫ్లాస్కులోంచి వంచుకున్న కాఫీ ప్యాంటు మీద ఒలికేదాకా.

"మీరు మాత్రం నవ్వకండి, మీ చరిత్రంతా నా దగ్గర రాసి ఉంది" అన్నాను.

నిజంగానే రాసి ఉంది. మా ఇంట్లో దుప్పట్ల బీరువా అడుగు అరలో నీలం అట్ట పుస్తకంలో, నా చేతివ్రాతతో.

నలభై ఏళ్ళ కిందటి మాట. పెళ్ళైన ఆర్నెల్లకు వీసా వచ్చి నేను ఈ ఊళ్ళో దిగేసరికి మా ఆయన ఇక్కడికొచ్చి రెండేళ్ళైంది, యంత్రాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పెళ్ళిలో నాలుగు రోజులు తప్ప ఒకరినొకరం ఎరగం. సాయంత్రం ఇంటికొస్తే తలుపు గొళ్ళెం వేశావా, పెరుగు తోడుకుందా అని రెండు ముక్కలు అడిగి పేపరు పట్టుకునేవారు. ఫ్యాక్టరీలో అందరూ ఇంటిపేరుతోనే, అదీ సగానికి విరిచి పిలిచేవారట. ఆ మనిషి నోరు విప్పి నవ్వగా నేను మొదటిసారి చూసింది ఈ మైదానంలోనే. కాకినాడ కాలేజీలో క్రికెట్ ఆడిన చేయి ఊరుకోక, ఒకనాడు ఇటుగా నడిచిపోతూ ఆగి చూస్తుంటే కోచ్ గారు లోపలికి రమ్మని కేకేశాడట. రమ్మనక ఏం చేస్తాడు పాపం! పాత జట్టంతా అలిగి పక్క ఊరి క్లబ్బుకు వెళ్ళిపోయింది. ఆయన ఒక పోస్ట్‌మాన్‌నూ, ఒక రొట్టెల బట్టీ యజమానినీ, పళ్ళ డాక్టరు చదువు చదివే ఇద్దరినీ, ఇలా ఎవరు దొరికితే వారిని పోగేస్తున్నాడు. మా ఆయనకు తొమ్మిదో నంబరు చొక్కా ఇచ్చి, పేరు పెట్టి పిలిచాడు. అంతే, ఈయన పొంగిపోయారు. ఆ చొక్కా తొడుక్కుని ఫొటో దిగి కాకినాడలో ఉన్న మా బావగారికి పంపించేశారు కూడా, ఇంకా జట్టులో చోటు దొరకనే లేదు!

వాళ్ళు ఆడుతుంటే ఆ చలిలో ఊరికే కూర్చోలేక నేను కూరగాయలు తెచ్చిన కాగితపు సంచి చింపి దాని మీద బంతి బంతికీ లెక్క గీస్తుండేదాన్ని. రాజమండ్రిలో మా నాన్నగారు క్లబ్బు మ్యాచ్‌లకు స్కోరు రాసేవారు, గొడుగు కింద ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న అలవాటది. కోచ్ గారు ఒకనాడు నా సంచికాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మర్నాడు ఈ నీలం అట్ట పుస్తకం, ఒక నీలం పెన్నూ నా ఒళ్ళో పెట్టాడు. నాకు జర్మన్ భాషలో పాలు, రొట్టె, నమస్కారం తప్ప రావు. కానీ ఆ పుస్తకానికి భాష అక్కర్లేదు, అన్నీ అంకెలూ గీతలే. ఈ దేశంలో నన్ను నమ్మి ఎవరైనా అప్పగించిన మొదటి పని అది. నాకు ఎంత గర్వమో ఎలా చెప్పను, ట్రామ్‌లో ఆ పుస్తకం అట్ట బయటికి కనపడేలా పట్టుకుని కూర్చునేదాన్ని.

ఆ పుస్తకంలో స్కోరు రాసేవారు తీర్పు చెప్పాల్సిన చోటు ఒకటుంది. బంతి పట్టుకోలేకపోతే, అది ఎవరికీ అందని బంతి అయితే కొట్టినవాడి ప్రతిభ అని రాయాలి. మామూలుగా పట్టాల్సిందే జారవిడిస్తే, జారవిడిచినవాడి పేరు ఎదురుగా తప్పు అని రాయాలి. ఆ తీర్పు పూర్తిగా రాసేవాళ్ళదే.

ఇక ఆ మార్చి మ్యాచ్. పదమూడు మందిలోంచి తొమ్మిదిమందిని సీజన్‌కు ఎంచాల్సిన రోజు. కోచ్ గారికేమో జ్వరం, మంచం దిగలేదు. పుస్తకం సాయంత్రం ఇంటికి తెచ్చిపెట్టమని, దాన్ని చూసే ఎంపిక చేస్తాననీ కబురంపాడు. కళ్ళకైతే ఇష్టాయిష్టాలుంటాయి, పుస్తకానికి ఉండవని ఆయన పాత సిద్ధాంతం. మా ఆయన ముందురోజే తన షూ రెండుసార్లు తుడిచారు, ఫ్యాక్టరీలో తోటివాళ్ళందరినీ మొదటి లీగ్ మ్యాచ్‌కు పిలిచేశారు.

మొదట బాగానే ఆడారు. బ్యాటుతో పరుగెత్తి, ఆ ఖమ్మం పిల్లలాగే బేస్ దగ్గర బ్యాటు ఆనించి ఔటవ్వడం అంతకుముందే రెండుసార్లు అయిపోయింది కాబట్టి ఆ జబ్బు నయమైంది. ఆఖర్లో వచ్చింది ఆ బంతి. ఆకాశంలోకి లేచి, తీరిగ్గా, ఆయన నిలబడ్డచోటికే దిగుతోంది. ఆయన ఏం చేశారనుకున్నారు? ఎడంచేతికున్న ఇంత తోలు గ్లవ్‌ను విదిలించి అవతల పారేసి, రెండు అరచేతులూ దొప్పచేసి క్రికెట్ పద్ధతిలో నిలబడ్డారు! చలికి కొంకర్లుపోయిన వేళ్ళలోకి ఆ రాయిలాంటి బంతి పడి, ఎగిరి, పందికొక్కు తవ్విన మట్టికుప్పలకు తీసిపోని ఓ మట్టిదిబ్బ వెనక దాక్కుంది. మా మైదానం నిండా నేల కింద సొరంగాలు తవ్వే, ఎలుకల్లాంటి చిన్న జంతువులు పోసిన దిబ్బలే, వాటిని ముట్టుకుంటే ఇక్కడ చట్టం ఒప్పుకోదు. ఈయన దిబ్బలన్నీ వెతికి బంతి తెచ్చేలోగా అవతలివాళ్ళు రెండు పరుగులు తీసుకున్నారు.

పెన్ను నా చేతిలో ఉంది. కొట్టినవాడి ప్రతిభ అని రాస్తే అడిగేవాళ్ళు లేరు, ఆయన చోటు ఆయనకుంటుంది, ఆ నవ్వూ ఉంటుంది. తప్పు అని రాస్తే రెండూ పోతాయి. తరవాతివాడు బ్యాటు పట్టుకుని వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. గొడుగు కింద మా నాన్నగారు పక్కనుంటే ఏమనేవారో నాకు తెలుసు. మా ఆయన పేరు ఎదురుగా తప్పు అని రాశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చలి వంక పెట్టి తుడుచుకున్నాను.

తిరుగు ట్రామ్‌లో ఆయన కిటికీలోకి చూస్తూ, "ఎండ కళ్ళల్లో పడింది, చూశావుగా?" అన్నారు.

"నాలుగు రోజులుగా ఎండేదండీ?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"అయితే రాసేశావన్నమాట."

"రాసేశాను."

ఇంటికి పోయాక ఆయన పేపరు పట్టుకున్నారు. నేను ఒక్కదాన్నే పుస్తకం పట్టుకుని కోచ్ గారింటికి వెళ్ళాను. ఆయన దుప్పటి కప్పుకుని కూర్చుని గీత గీతా చదువుతూ, ఆ గీత దగ్గర వేలు ఆపి, ఇది మీ ఆయనే కదా అన్నట్టు నావైపు చూశాడు. తలూపాను. దగ్గుతో కలిపి ఎంతసేపు నవ్వాడో! మా ఆయనను తొమ్మిదిమందిలోకి తీసుకోలేదు. బల్ల మీద కూర్చోబెట్టాడు. పుస్తకం మాత్రం ఇక నాదేనన్నాడు. పోతూ పోతూ గూట్లోంచి పాత గ్లవ్ ఇంకొకటి తీసి నా చేతికిచ్చి, విసరమన్నట్టు సైగ చేసి, రోజుకు వంద బంతులని వేళ్ళతో లెక్క చూపించాడు.

మర్నాడు సాయంత్రం నేను ఇంటి వెనక బట్టలారేసే చోట నిలబడి, చీర కొంగు దోపుకుని, గ్లవ్ తొడుక్కుని పిలిచాను. మొదట రాలేదు. కిటికీలోంచి చూశారు. నా మొదటి బంతి కింది అంతస్తు ముసలమ్మగారి పూలకుండీ పక్కన పడేసరికి ఆవిడ అరుపుకు భయపడి దిగొచ్చారు. ఆ రోజునుంచి వసంతమంతా, వేసవంతా, రోజుకు వంద బంతులు. నేను విసరడం, ఆయన పట్టడం. చేతులు పనిలో ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది కాబోలు, ఫ్యాక్టరీలో పడ్డ అవమానాలు, పోయిన అమ్మ, చిన్నప్పుడు దొంగిలించిన మామిడికాయలు, అన్నీ ఒక్కో బంతితో పాటు బయటికొచ్చాయి. నిజం చెప్పొద్దూ, నాకు ఆయన మీద ప్రేమ కలిగింది ఆ బట్టలారేసే తీగల కిందే. సీజన్ సగమయ్యాక జట్టులోకి వచ్చారు, ఆ తరవాత పధ్నాలుగేళ్ళు ఆడారు. గ్లవ్ పారేసింది మళ్ళీ ఒక్కసారీ లేదు.

ఇదంతా గుర్తొచ్చి నేను నవ్వుకుంటుండగానే మొన్న ఆదివారం మ్యాచ్‌లో మన ఖమ్మం పిల్ల సులువైన బంతొకటి జారవిడిచింది. ఇప్పుడు పుస్తకాలు లేవు, ట్యాబ్లెట్ మీద వేలితో నొక్కుతారు. మా పక్క బల్ల మీద కూర్చుని నొక్కే అమ్మాయి ఈ పిల్ల గదిలోనే ఉంటుందట, పాపం స్నేహితురాలని కొట్టినవాళ్ళ ప్రతిభ అని నొక్కేసింది. మా ఆయన కర్ర ఊతంగా లేచి నిలబడి, "తప్పది! తప్పనే నొక్కు!" అని మైదానమంతా వినపడేలా అరిచారు. ఆ అమ్మాయి వేలితో ఒకటి తాకింది, పాతది పోయి కొత్తది వచ్చింది, జరిగిన జాడ కూడా లేదు.

మ్యాచ్ అయ్యాక ఖమ్మం పిల్ల మూతి ముడుచుకుని మా దగ్గరికొచ్చింది. "ఏంది అంకుల్, మనోళ్ళయ్యుండి మీరే గిట్ల చేస్తరా? నా ప్లేస్ పోతది కదా!"

"పోతే మళ్ళీ వస్తుందమ్మా. మంగళవారం సాయంత్రం గ్లవ్ తీసుకుని ఇక్కడికే రా" అన్నారాయన.

వచ్చింది. చేయి చురుకైన పిల్ల, మా ఆయన బల్ల మీద కూర్చుని విసిరిన వంద బంతులూ ఇట్టే అయిపోయాయి. ఆమె ట్రామ్ ఎక్కి వెళ్ళిపోయాక మా ఆయన గ్లవ్ తియ్యకుండానే నావైపు తిరిగి, ఒక్కటి వెయ్యవే అన్నారు. ఆ ఇల్లు ఎప్పుడో కూల్చేశారు, కోచ్ గారు లేరు, బట్టలు ఇప్పుడు యంత్రమే ఆరబెడుతుంది. నా భుజం ఆపరేషన్ అయినప్పటినుంచి చెయ్యి చెవి దాటి పైకి లేవదు. ఒకప్పుడు ఆ తీగల ఈ కొసనుంచి ఆ కొసకు విసిరేదాన్ని, ఇప్పుడు వేస్తే బంతి సగం దూరంలోనే పడిపోతుంది. ఆ సంగతి నేను చెప్పకముందే ఆయన కర్ర బల్లకానించి, నెమ్మదిగా అడుగులేసుకుంటూ సగం దూరం ముందుకొచ్చి, గ్లవ్ తెరిచి నిలబడ్డారు.