అమ్మమ్మ ఒక్క కిలో అడిగిన రోజు

మా అమ్మమ్మ చేతికి ఎనభై మందికి తక్కువ లెక్క తెలియదు. పాతికేళ్ళకు పైగా ఫ్యాక్టరీ కార్మికుల హాస్టల్లో వంట చేసింది. కొలత గిన్నె ముట్టుకోకుండా, ఉత్త పిడికిళ్ళతో బియ్యం ఎత్తి పోస్తే ఎనభై మందికీ సరిగ్గా సరిపోయేదట. ఇది ఆవిడే చెప్పిన మాట కాబట్టి సగం కోసెయ్యొచ్చు. మిగతా సగం మాత్రం వీధి వీధంతా ఒప్పుకుంటుంది. హాస్టల్లో వాళ్ళు ఆవిడకి పెట్టిన పేరు పెద్దక్క. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఇప్పటికీ పెద్దక్కా అనే పిలుస్తారు, ఆవిడ పలుకుతుంది కూడా.

ఫ్యాక్టరీ మూతపడింది. దాంతోపాటే హాస్టలూ మూతపడింది. అమ్మమ్మ చెయ్యి మాత్రం మూతపడలేదు. ఇంట్లో ఉండేది నలుగురం: అమ్మమ్మ, తాతయ్య, అమ్మ, నేను. ఈ నలుగురి కోసం బియ్యం బస్తాలు, పిండి బస్తాలు, నూనె డబ్బాలు రిక్షా మీద దిగేవి. ఒకసారి ఉప్పు ప్యాకెట్లు పదకొండు వచ్చాయి. ఇంత ఉప్పు ఎందుకని అమ్మ అడిగితే, అదేమన్నా పాడవుతుందా అంది. నిజమే, ఉప్పు పాడవదు. పాడయ్యేది మేమే.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న బోర్డు కనపడిందా, ఆవిడ కాళ్ళు ఇంక ఆవిడ మాట వినేవి కావు. ఇంటికొచ్చి ఎంత ఖర్చయిందో చెప్పేది కాదు, ఎంత మిగిల్చిందో చెప్పేది. తాతయ్య విని విని ఒక రోజు, "నువ్విలా మిగులుస్తూ పోతే మనకేమీ మిగలదే," అన్నాడు. ఆయన ఏడాదిలో మాట్లాడే పొడుగాటి మాటల్లో అదొకటి.

తాతయ్య ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తాడు. ఇంటికి వీధి వైపున షట్టరు ఉన్న గది ఒకటుంది, అదే ఆయన కొట్టు. ఆయన మోకాలి ఆపరేషన్‌కి ఆ గది తాకట్టు పెట్టి సహకార సొసైటీలో అప్పు తీసుకున్నాం. అమ్మ బట్టల షాపులో బిల్లులు రాస్తుంది. అమ్మ జీతమైనా తాతయ్య సంపాదనైనా నేరుగా అమ్మమ్మ చేతికే వెళ్ళేది. ఆ చేతిలోంచి ముందు కిరాణా కొట్టుకి, మిగిలితే సొసైటీకి. మిగిలేది కాదు. అలా ఆరు వాయిదాలు తప్పాయి. ఆ సంగతి అమ్మమ్మకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

బయటపడిన తీరు చెబితే మీరు నమ్మరు. ఇంట్లో అల్మరాలూ మంచాల కిందా నిండిపోయాక, అమ్మమ్మ సరుకుల్ని తాతయ్య గదిలోకి తరలించడం మొదలుపెట్టింది. అక్కడ చల్లగా ఉంటుందట. తాతయ్యకి అసలే నోరు తక్కువ, ఉన్న నోట్లో ఎప్పుడూ ఒక స్క్రూ ఉంటుంది. అందుకని ఆయన అభ్యంతరం ఎవరికీ వినపడలేదు. చూస్తుండగానే ముందు పంచదార బస్తాలు, వాటి పక్కన నూనె డబ్బాలు, వాటి మీద సబ్బుల గుట్ట, వీటన్నిటి వెనక ఎక్కడో తాతయ్య.

ఒక పొద్దున సొసైటీ గుమాస్తా ఫైలు పట్టుకుని గది చూడ్డానికి వచ్చాడు. లోపలికి చూసి, ఫైలు చూసుకుని, మళ్ళీ లోపలికి చూశాడు.

"కిరాణా కొట్టు ఎప్పుడు పెట్టారండీ?" అన్నాడు.

తాతయ్య నోట్లో స్క్రూ తీసి జవాబు చెప్పే లోపలే గుమాస్తా రెండో ప్రశ్న వేశాడు. "ఇంత సరుకు పెట్టుకుని వాయిదాలు ఎందుకు ఎగ్గొడుతున్నారు?"

సరిగ్గా అప్పుడే వీధిలో పోతున్న ఒకావిడ ఆగి, బట్టల సబ్బు ఎంతకిస్తారని అడిగింది. నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ కొంచెం సిగ్గేస్తుంది. ఎందుకంటే అమ్మమ్మ అప్పటికే నా వెనక వచ్చి నిలబడి ఉంది.

అవును, కొట్టే పెట్టాం, ఇప్పుడిప్పుడే పుంజుకుంటోంది, కొంచెం గడువివ్వండి అని ఆవిడ అనొచ్చు. ఆయన నమ్మేవాడే. నేనైతే అదే అనేదాన్ని.

"కొట్టు కాదు బాబూ," అంది అమ్మమ్మ. "ఇదంతా ఇంట్లోకి కొన్నదే. కొన్నది నేనే. మేం నలుగురం."

గుమాస్తా చెడ్డవాడేం కాదు, ఫైల్లోంచి కాగితం తీసి మాకు చదివి వినిపించాడు. తర్వాత షట్టరు పక్కన గోడకి నోటీసు అంటించాడు. మూడు నెలల్లో బకాయి మొత్తం కట్టాలి, లేకపోతే గది వేలం. గది పోతే తాతయ్యకి పని పోతుంది. పనికి పనికొచ్చేలా చేయించుకున్న మోకాలితో ఆయన ఖాళీగా మంచం మీద కూర్చోవాలి.

ఆ సాయంత్రం ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. నాలుగు చీవాట్లు పడి ఉంటే ఆవిడకి సుఖంగా ఉండేదేమో. నన్ను పిలిచి, పెన్ను తెచ్చుకోమంది. పాత క్యాలెండర్ కాగితాల వెనక ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ రాయించింది. ఎనిమిదో తరగతి దాటని నా రాతలో డిటర్జెంట్ మూడు చోట్ల మూడు రకాలుగా వచ్చింది. అమ్మమ్మకి చదువు రాదు కాబట్టి బతికిపోయాను. సబ్బులు లెక్కపెడితే అరవై మూడు తేలాయి. అమ్మ మొత్తం చదివి, మనం మరీ అంత మురికి మనుషులమా అంది. ఆ సాయంత్రం ఇంట్లో నవ్వు వినపడింది అప్పుడొక్కసారే.

మర్నాడు పొద్దున అమ్మ నాలుగు బస్తాలు వాపసు తీసుకోమని అడగడానికి వెళ్తే, అమ్మిన సరుకు తిరిగి తీసుకోనన్నాడు కిరాణా కొట్టాయన. సబ్బులు మాత్రం ఇరుగుపొరుగులు కొన్న ధరకే పట్టుకుపోయారు. మిగతాది మేం తిని తీర్చాల్సిందే.

"కాగితంలో ఉన్న బియ్యం అయిపోయేదాకా ఆ కొట్టు గడప తొక్కను," అంది అమ్మమ్మ. పాలూ కూరగాయలూ అమ్మ తేవాలి. డబ్బు కూడా అమ్మ దగ్గరే ఉండాలి. నడుముకి దోపుకున్న చిన్న పర్సు తీసి కూతురి చేతిలో పెట్టేసి, వెనక్కి తిరిగి చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చెప్పినంత తేలికగా ఏమీ జరగలేదు. ఎటు వెళ్ళాలన్నా ఆ కొట్టు ముందు నుంచే దారి. ఆవిడకి మడమ నొప్పి. అయినా రెండు సందులు చుట్టి వెళ్ళేది. ఊరుకోలేక, బాకీ ఉన్నదానిలా తప్పించుకు తిరుగుతున్నావేంటి అమ్మమ్మా అని ఆటపట్టించాను.

"బాకీ ఉంటే మొహం దాచుకుంటే సరిపోతుందే," అంది. "దీనికి చేతులు దాచుకోవాలి."

తాతయ్య పాడైపోయిన మిక్సీ జారొకటి తీసుకుని, బ్లేడు ఊడదీసి కన్నం మూసి, పై భాగం కోసి, అంచు నున్నగా అరగదీసి, సరిగ్గా నలుగురికి సరిపడా బియ్యం పట్టే కొలత చేసిచ్చాడు. ఎనభై మందిని సాకిన చేతికి కొలతా అని ఆవిడ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనకి ఆ తేడా తెలియడానికే ఒక రోజు పట్టింది. మూడో రోజున అమ్మమ్మ కొలత తీసుకుంది. డబ్బాలోంచి ముంచి, పైన చదును చేసి, గిన్నెలో పోసేది. పోశాక కుడి చెయ్యి దానంతటదే మళ్ళీ డబ్బాలోకి వెళ్ళేది, ఇంకో పిడికెడు కోసం. ఒక పూట తలుపు చాటు నుంచి చూశాను. ఎడమ చేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని, పక్కింటి పిల్లని దొంగతనం చేస్తుండగా పట్టుకున్నట్టు, గట్టిగా వెనక్కి లాక్కుంది. ఎవరూ చూడటం లేదనుకునే చేసింది. ఆ పూట నాకు వెక్కిరింత నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మూడో నెల సగంలో ఒక మధ్యాహ్నం పెద్ద బియ్యం డబ్బా అడుగు కనపడింది. అమ్మమ్మ మా ముగ్గురికీ వడ్డించి, తను ముందే తిన్నానంది. ఆవిడ కంచం చూస్తే ఎండిపోయి గూట్లోనే ఉంది. అమ్మకి చూపించాను. అమ్మ తన కంచంలో సగం తీసి ఆవిడ ముందు పెట్టి, తింటావా నేనూ మానెయ్యనా అని అడిగింది. అప్పుడు చెప్పింది అమ్మమ్మ, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట.

హాస్టల్లో చేరిన కొత్తలో ఒక పూట ఆవిడ లెక్క తప్పిందట. షిఫ్టు దిగి అందరికన్నా ఆఖరున వచ్చిన మనిషికి గిన్నెలో ఏమీ లేదు. అతను గిన్నెలోకి వంగి చూసి, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి, వెళ్ళి పడుకున్నాడు.

"తిట్టి ఉంటే ఆ రోజే మర్చిపోయేదాన్ని," అంది అమ్మమ్మ. "ఏమీ అనలేదు. అప్పటినుంచీ ఏ గిన్నె అడుగూ చూడలేను."

అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. తాతయ్య లేచి, ఆ డబ్బాని వెలుతురు వైపు వంచి, ఆవిడకి లోపల చూపించాడు.

"చూడు. అడుగు తగిలింది. మనకేమైంది? నలుగురం ఉన్నాం."

అమ్మమ్మ చాలాసేపు చూసింది. తర్వాత కంచం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది.

గడువు ఇంకా ఐదు రోజులుందనగా బకాయికి సరిపడా డబ్బు పోగయింది. అదే రోజు బియ్యం పూర్తిగా అయిపోయాయి. అమ్మకి షాపులో సెలవు దొరకలేదు. సొసైటీ బకాయి మొత్తం ఒక కవర్లో, బియ్యానికి చిల్లర వేరేగా పెట్టి అమ్మమ్మ చేతికిచ్చింది. నన్ను తోడు వెళ్ళమంది. తోడు అంటే కాపలా అని ముగ్గురికీ తెలుసు.

ఈసారి అమ్మమ్మ సందులు చుట్టలేదు. తిన్నగా కొట్టు దగ్గరికే నడిచింది. మూడు నెలల తర్వాత ఆవిణ్ణి చూసి కొట్టాయన ముఖం వెలిగిపోయింది. కొట్టు మార్చేశారేమో అనుకున్నాడట. స్టూలు వేయించాడు. బస్తా బియ్యానికి ఐదు కిలోలు ఉచితం, రేపటితో అయిపోతుంది, మీ కోసమే ఒకటి పక్కన పెట్టించానన్నాడు. డబ్బుదేముంది, వీలున్నప్పుడు ఇద్దురు అని కూడా అన్నాడు. బస్తా పక్కనే ఉంది. అమ్మమ్మ దాని మీద చెయ్యి వేసింది. బియ్యం బిగువు చూసే అలవాటు కొద్దీ రెండుసార్లు తట్టింది. కవరు ఆవిడ రెండో చేతిలో ఉంది.

"ఒక్క కిలో ఇవ్వు బాబూ," అంది.

కొట్టాయన నా వైపు చూశాడు, మళ్ళీ ఆవిడ వైపు చూశాడు. "కిలోనా? ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా పెద్దక్కా?"

"అందరూ బాగున్నారు. కిలో చాలు."

"డబ్బు గురించయితే..."

"డబ్బుంది. ఇది గది డబ్బు."

అతను కిలో తూచి కాగితం సంచిలో పోశాడు. వెనక నిలబడ్డ ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు. అమ్మమ్మ చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, ఆ చిన్న సంచిని చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. దిగాక పక్కింటి అరుగు మీద కూర్చుంది. నీళ్ళు తెమ్మంటావా అని అడిగితే, తెమ్మంది.

సొసైటీలో గుమాస్తా డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి, రసీదు మీద ముద్ర వేశాడు. ఇంకా పద్నాలుగు వాయిదాలున్నాయి, ప్రతి నెలా ఐదో తారీఖులోపు కట్టండి అన్నాడు. అమ్మమ్మ నాలుగో తారీఖునే వస్తానంది. ఆ నోటీసు తీసెయ్యొచ్చా అని అడిగింది. మీరే చింపెయ్యండి, నేను రాలేనన్నాడు.

ఇంటికొచ్చేసరికి తాతయ్య గది ముందు నిలబడి ఉన్నాడు. అమ్మమ్మ రసీదు ఇస్తే, కళ్ళజోడు పెట్టుకుని అడ్డంగా నిలువుగా చదివి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి నోటీసు తడిపి, గరిటె కొసతో గీకడం మొదలుపెట్టింది.

అది సగం ఊడే లోపల ఒక ముసలాయన టేబుల్ ఫ్యాను మోసుకొచ్చాడు. ఈ మూడు నెలలూ తాతయ్య గంటలో అయ్యే పనులే తీసుకున్నాడు. వేలం అంటూ జరిగితే ఎవరి వస్తువు ఎక్కడ చిక్కుకుపోతుందో అని, ఉంచి వెళ్తామన్న వాళ్ళందర్నీ తిప్పి పంపేశాడు. ఫ్యాను ఇటూ అటూ తిప్పి చూసి, కాయిల్ కాలిపోయింది, మళ్ళీ చుట్టాలి అన్నాడు.

ఎప్పుడు రమ్మంటారని ముసలాయన అడిగాడు.

తాతయ్య గోడ వైపు చూశాడు. అమ్మమ్మ గీకడం ఆపలేదు.

"వచ్చే వారం రండి," అన్నాడు తాతయ్య.